పాస్ అని నేను రాయలేదు

సృష్టికర్తయైన దేవునికి స్తోత్రం. చీకట్లో దాగినదాన్ని వెలుగులోకి తెచ్చే నా ప్రభువుకు మహిమ. ఆయన తాను చేసిన ప్రతిదాన్నీ తానే చూసి, బాగుందని తేల్చుకున్నాకే మరో పనికి వెళ్లాడు. ఈ ఉద్యోగంలో నాకు అంతకు మించిన పాఠం ఎవరూ చెప్పలేదు. అందుకే ముందు ఆయనను స్తుతించి, తర్వాత ఈ సంగతి చెబుతున్నాను.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్కన, టైర్ల దుకాణం మీది అంతస్తులో మా ఆఫీసు. కిషన్‌బాగ్‌లోని ఒక డయాలసిస్ సెంటర్‌కు మేం సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాం. ఏ రోగి ఏ రోజు ఏ బ్యాచ్‌లో రావాలో అది చూపిస్తుంది, వేళ మారితే వాళ్ల ఇంటికి మెసేజ్ పంపుతుంది. కోడ్ చాలావరకు మా టీమ్ లీడ్ రాశాడు. పరీక్షించడం నా పని. అన్నిటికంటే చివరిది యాక్సెప్టెన్స్ టెస్ట్. వాడుకోబోయేవాళ్లు తమ రోజువారీ పనిని అందులో చేసి చూసుకుని, ఇది మాకు పనికొస్తుందని చెప్పాలి. చెప్పాక ‘పాస్’ అని రాయాల్సింది నేను.

రంజాన్ దగ్గరపడింది. నెల మొదలయ్యేలోపే సాఫ్ట్‌వేర్ పెట్టేయాలని మా లీడ్ తొందర. సెంటర్‌ వాళ్లను పిలవడం ఎందుకు, మన ఉదాహరణలతో మనమే చేసేద్దాం, తెర మీద అన్ని టెస్టులూ ఆకుపచ్చగానే ఉన్నాయి, ఏదీ తప్పలేదు కదా అన్నాడు. నేను ఒప్పుకోలేదు.

నేను గౌలిపుర దగ్గరి ఒక చిన్న సంఘంలో పెరిగాను. బాప్తిస్మం తీసుకోవాలంటే అక్కడ ముందుగా సంఘమంతటి ఎదుట కూర్చోవాలి. పెద్దలు అడుగుతారు, మనం జవాబు చెప్పాలి. నా వంతు వచ్చినప్పుడు మాట పెగల్లేదు. ఆడవాళ్ల వైపు నుంచి అమ్మ మెల్లగా అందించబోయింది. ఒక పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. “నువ్వు చెప్పకు తల్లీ. ఆమె నోటితోని ఆమెనే చెప్పాలె,” అన్నాడు. నాకు మాట వచ్చేదాకా సంఘమంతా ఊరికే కూర్చుంది. ఒకరి ఒప్పుకోలు ఇంకొకరు చెప్పకూడదన్నది అప్పుడే నాలో నాటుకుపోయింది. సెంటర్ నర్సు చెప్పాల్సిన మాటను ఆఫీసులో కూర్చుని నేనెలా రాస్తాను?

లీడ్‌కు కోపమొచ్చింది. అందరి ముందూ నవ్వుతూనే అన్నాడు: “ఏంది సిస్టర్, గంత ఫికర్ ఎందుకు? ఒక ప్రార్థన చేస్కో, పాస్ అయితది.”

“ప్రార్థన పొద్దుగాలే చేసిన అన్నా. టెస్టే ఇంక చెయ్యలే.”

ఎవరో కిసుక్కుమన్నారు. అతని నవ్వు ఆగిపోయింది. ప్రాజెక్టు నుంచి తీసేస్తానన్నాడు. తీసెయ్యమన్నాను. ‘పాస్’ కావాలంటే ఇంకెవరైనా వాళ్ల పేరుతో రాసుకోవచ్చు, నా పేరుతో మాత్రం కుదరదన్నాను. లొల్లి విని కంపెనీ యజమాని తన గదిలోంచి బయటికొచ్చాడు. ఇద్దరి మాటా విని, సరే, సెంటర్‌కు వెళ్లి చూసుకోవడానికి ఒక్క మధ్యాహ్నం ఇస్తానన్నాడు.

లీడ్, నేను కిషన్‌బాగ్ వెళ్లాం. హెడ్ నర్సు కంప్యూటర్ ముందు కూర్చుంది. మా ఉదాహరణల్లోలాగా కొత్త రోగిని చేర్చడంతో ఆమె మొదలుపెట్టలేదు. రంజాన్‌లో అక్కడ మొదట జరిగే పని వేరే. సాయంత్రం బ్యాచ్‌లోని కొందరు, ఇఫ్తార్ వేళకు ఇంట్లోవాళ్లతో ఉండాలని, పొద్దుటికి మార్చమంటారు. అలా అడిగిన ఒక పెద్దాయనను ఆమె పొద్దుటి బ్యాచ్‌కు మార్చింది. తెర మీద సాయంత్రం బ్యాచ్ మొత్తం ఖాళీ అయింది.

“మై ఏక్ కూ ఉఠాయీ, సబ్ కైకూ ఉఠ్ గయే మేడమ్?” అంది నా వైపు తిరిగి. ఒక్కరిని కదిపితే అందరూ ఎందుకు లేచిపోయారని.

నిజంగా వాడుకలో ఉండి ఉంటే సాయంత్రం వాళ్లందరి ఇళ్లకూ ‘పొద్దున రండి’ అని మెసేజ్ వెళ్లేది. రెండు బ్యాచ్‌లకూ ఒకేసారి సరిపడే మెషీన్లు ఆ సెంటర్‌లో లేవు. రక్తం శుద్ధి కాకుండా ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సి వచ్చేది.

తప్పు ఎక్కడుందో కోడ్ తెరిచి చూడగానే తెలిసింది. బ్యాచ్‌లోని రోగులందరూ ‘సాయంత్రం’ అనే ఒకే ఆబ్జెక్టును, అంటే కోడ్‌లో వివరాలు దాచే ఒకే పెట్టెను, పంచుకుంటున్నారు. ఒకరి వేళ మార్చమంటే కోడ్ ఆ ఆబ్జెక్టు లోపలికే వెళ్లి వేళ మార్చేస్తోంది. మా ఉదాహరణల్లో బ్యాచ్‌కు ఒక్కరే రోగి కాబట్టి అది బయటపడలేదు.

అక్కడికి ఒక అతుకు వేసి వదిలేద్దామన్నాడు లీడ్. నేను దానికీ తలొగ్గలేదు. ఆబ్జెక్టులతో రాయడం పాపమని నేననను. కానీ ఏ ఆబ్జెక్టైనా తన ఇల్లు తాను చూసుకోవాలి, పక్కింటి సామాను సర్దకూడదు. ఇచ్చినది తీసుకుని జవాబిచ్చే కోడ్ ముక్క, ఫంక్షన్‌కైతే ఇంకా కట్టుబాటు ఉంది. చేతికిచ్చినదాన్ని చెరపకూడదు, కొత్తదాన్ని చేసి ఇవ్వాలి. అదే ఇస్తే ప్రతిసారీ అదే జవాబు రావాలి. వేళను ఒకసారి తయారుచేశాక ఎవరూ మార్చలేకుండా చేద్దామని, రోగిని కదిపితే అతని ఒక్కడికే కొత్త అపాయింట్‌మెంట్ పుట్టాలని వాదించాను. ‘సాయంత్రం నుంచి ఒకరు పొద్దుటికి మారితే మిగతావాళ్లు కదలకూడదు’ అన్న వాక్యాన్నే టెస్టుకు పేరుగా పెట్టాను. రేపు ఎవరు ఆ కోడ్ తెరిచినా వాళ్లకు అర్థం కావాలి.

యజమాని నా వైపే మొగ్గాడు. తిరగరాయడం పూర్తయ్యేసరికి రంజాన్ మొదలైపోయింది. మొదటి ఉపవాసాలప్పుడు పాపం నర్సే ఇంటింటికీ ఫోన్లు చేసుకుంది. ఆ ఆలస్యానికి నన్ను తిట్టినవాళ్లున్నారు, పడ్డాను. తర్వాత ఆమె మళ్లీ కూర్చుని, అదే పెద్దాయనను మార్చి చూసింది. ఆయన ఒక్కడే కదిలాడు. “అబ్ ఠీక్ హై,” ఇప్పుడు బాగుంది అంది. అప్పుడు రాశాను.

ఆ తర్వాతి ప్రాజెక్టులో లీడ్ నన్ను తీసుకోలేదు. ఆమె ఉంటే ఏదీ పాస్ కాదని ఆఫీసులో చెప్పుకుంటున్నాడట. చెప్పుకోనీ. ఇంకో ‘పాస్’ నా ముందుకొచ్చినా వాడుకునేవాళ్లు వచ్చి కూర్చునేదాకా నా చెయ్యి కదలదు.

ఇది చదువుతున్న మీరు నాతో ఒక్క నిమిషం తల వంచండి. ఆ సెంటర్‌లో సూదులు గుచ్చించుకుని గంటల తరబడి పడుకునేవాళ్ల కోసం అడుగుదాం. మా లీడ్ కోసం కూడా అడుగుదాం, నేను రోజూ అడుగుతున్నాను. నా కోసం మాత్రం మెత్తబడాలని అడగకండి, నిలబడే బలం ఇమ్మని అడగండి. ఆమేన్.