బ్రహ్మం కంటి ఫోటో కోసం ఖమ్మం దాకా

మా తమ్ముడు బ్రహ్మం వడ్రంగి. చెక్క అంచు తిన్నగా ఉందో లేదో చూడాలంటే ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూస్తాడు. ఆ పని చేసేవాళ్లందరికీ ఏదో ఒక కన్ను అలా అలవాటై ఉంటుంది. 2006 వానాకాలం నుంచి ప్రతి చెక్కా నడిమధ్య వంకరగా ఉందనడం మొదలుపెట్టాడు. అనుమానం కంటి మీద రాలేదు, టేకు మీద వచ్చింది. చిత్రిక పట్టి పట్టి మంచి ద్వారబంధాలను పలచబెట్టాడు. చివరికి కుడి కంట్లో నడుమ చీకటి కమ్మింది. పాల్వంచలో కళ్లజోళ్లు ఇచ్చే అతను చూసి, కంటి లోపల ఫోటో తీయించమని ఖమ్మం పంపాడు. 2007 మాఘంలో వెళ్లాం.

ములకలపల్లిలో తెల్లవారగానే మొదటి బస్సు ఎక్కాం. పాల్వంచలో దిగి ఇడ్లీ తిని, భద్రాచలం నుంచి వచ్చే ఖమ్మం బస్సు పట్టుకున్నాం. దుమ్ముగూడెం నుంచి వస్తున్న ఒకామె జరిగి చోటిచ్చింది. మావాడి ఇస్త్రీ చొక్కా చూసి, "ఏందన్నా, పెండ్లికా?" అంది.

"అవ్ చెల్లె, నా కంటికే పెండ్లి. ఫోటోలు తీస్తరంట," అన్నాడు వాడు.

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వాడి పనికి ఆధారం ఆ కన్నే.

పదిన్నరకు ఖమ్మం. బస్టాండు నుంచి ఆసుపత్రికి ఆటోలో పోయాం. నేను తల నెరిశాక అక్షరాలు నేర్చినదాన్ని. గోడ మీది బోర్డులు కూడబలుక్కుంటూ ఉండగా వాడి పేరు పిలిచారు. కంట్లో చుక్కలు వేసి చాలాసేపు కూర్చోబెట్టారు. తర్వాత చేతి నరంలోకి పసుపు రంగు మందు ఎక్కించి, మిషను మీద గడ్డం ఆనించమని, ఫ్లాషు మీద ఫ్లాషు కొట్టారు. వెళ్లేవాళ్లకు చెబుతున్నా, తోడు లేకుండా పోవద్దు. ఆ చుక్కలకు ఎండలో కళ్లు తెరవలేరు. ఒళ్లూ మూత్రమూ పచ్చబడతాయి, హడలిపోకండి.

డాక్టరమ్మ కంప్యూటరులో చూపించింది. పండిన నారింజలా ఉంది కన్ను. నడుమ బూడిదరంగు మచ్చ.

"పెద్దాయనా, లోపల కొత్త రక్తనాళాలు పుట్టి కారాయి. ఇప్పుడది మచ్చ కట్టింది. ఈ కంటికి నడిమి చూపు తిరిగి రాదు. గీతలు వంకరగా కనిపించిన మొదట్లోనే ఈ ఫోటో తీసి ఉంటే, కారడం దొరికేది. ఆపడానికి చూసేవాళ్లం. ఎడమ కన్ను ఇంకా కారడం లేదు. రోజూ ఒక కన్ను మూసి రెండో కంటితో గుమ్మం అంచు చూసుకోండి. వంకర కనబడితే ఆ రోజే బయల్దేరండి."

"రోజూ చూసిన గదమ్మా," అన్నాడు బ్రహ్మం. "పొద్దంతా గదే పని నాది. చెక్కే వంకర అనుకున్న."

బయటికొచ్చి తిండికి కూర్చున్నాం. మెస్సులో భోజనం బాగుంది, వాడు కలిపి వదిలేశాడు.

మూడు గంటల బస్సుకు తిరిగొచ్చాం. ఖమ్మం మాకు దూరమేం కాదు. పొద్దున పోతే చీకటిపడేలోపు ఇంటికి చేరతాం. అంత దగ్గర ఊరికి చూపు పోయాక వెళ్లాం.

కొత్తగూడెం దాటాక ఎండ చల్లబడి, వాడు కళ్ల మీద కప్పుకున్న తువ్వాలు తీశాడు. ఎడమ కన్ను చేత్తో మూసుకుని నావైపు తిరిగాడు.

"ఏంరా?"

"అక్కా, నీ కమ్మలు కనిపిస్తున్నయ్. కొప్పు కనిపిస్తున్నది. ముఖం లేదు."

"చెయ్యి తియ్యి," అన్నాను.

తీశాడు. నన్ను చూసి, "ఏడ్వకే," అన్నాడు.