నుయ్యి మీదుగా గంటస్తంభానికి

రెండువేల పది దాటాక మా విజయనగరం చివర చేలన్నీ వరసగా లేఅవుట్లైపోయాయి. ముందు ఆర్చి లేచేది, తర్వాత తారురోడ్లు, రంగేసిన రాళ్లు, గేదెలు మేసేచోట ‘పార్కు’ అని బోర్డు. ఇల్లు మాత్రం ఒక్కటీ ఉండేది కాదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు వీధులకి పేర్లు కూడా పెట్టేశారు. ఆ ఖాళీ రోడ్లు చూసి మురిసిపోయింది బండి నేర్చుకునే ఆడవాళ్లమే. సాయంత్రమైతే కుచ్చిళ్లు దోపుకుని అక్కడ చేరేవాళ్లం. అంత ఖాళీలోనూ ఒకరినొకరు వెతుక్కుని మరీ గుద్దుకునేవాళ్లం.

నేను మా అత్తకి స్కూటర్ నేర్పేదాన్ని. ఊరు పెరుగుతోందని అందరికీ సంబరమే గానీ, పెరిగినకొద్దీ ఆవిడకి బజారు దూరమైపోయింది. నడుద్దామంటే మోకాళ్లు ఒప్పుకోవు. ఒకరిని బతిమాలడం ఆవిడ జాతకంలోనే లేదు. ఎప్పుడనిపిస్తే అప్పుడు తనంతట తాను బజార్లోని గంటస్తంభం దాకా వెళ్లిరావాలి, అంతే. మా మావగారు పందెం వేశారు.

“ఆ లేఅవుట్లో మొదటి గృహప్రవేశం అయ్యీలోపల నువ్వొక్కర్తివీ గంటస్తంభం కాడికెళ్లొస్తే బండి నీది. నేదంటే అమ్మీస్తాను.”

అత్తకి బండి తొందరగానే పట్టుబడింది. చిక్కల్లా ఒక్కచోటే. పార్కు బోర్డు నుంచి ఆర్చి వైపు రివ్వున వెళ్లే బండి, సగం దారిలో ఠక్కున ఆగిపోయేది. వెనక కూర్చున్న నా ముక్కు ఆవిడ కొప్పులో దిగబడేది.

“ఏటైనాది అత్తా?”

“నుయ్యి.”

ఆ నేల ఒకప్పుడు ఆవిడ పుట్టింటివాళ్ల చోడిచేను, అంటే రాగిచేను. సరిగ్గా అక్కడే గట్టు లేని నుయ్యి ఉండేదట. చిన్నప్పుడు అటు పోతే వాళ్లమ్మ వీపు విమానం మోత మోగించేదట.

“పూడ్సీసినారు కదా అత్తా, పైన తారు కూడా ఏసీసినారు!”

“నీకు పూడ్సీసినారే. నా సేతులకెవులు సెప్తారు? ఇదే దాటనేనిదాన్ని బజారుకెలగెల్తాను?”

ఇంతలో ఆ రోడ్డు పక్కనే ఇసుక గుట్ట పడింది. పునాది లేచింది, గోడలు లేచాయి. మావగారు రోజూ పనిగట్టుకుని అటు వెళ్లొచ్చి, “స్లాబు పడిపోనాది” అని మీసం దువ్వుకునేవారు. అత్తకి అన్నం సయించలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

తెల్లారితే గృహప్రవేశం. ఆ సాయంత్రం కూడా బండి నుయ్యి దగ్గరే ఆగింది. అత్తని మళ్లీ బోర్డు దగ్గరికి పంపి, నేను వెళ్లి నుయ్యి ఉన్నచోట నడిరోడ్డు మీద నిలబడ్డాను.

“మునిగిపోనానా? సూడు!” అని చీర ఎగ్గట్టుకుని గెంతాను. గేదెలు మేత మానేసి నన్నే చూశాయి.

అత్త పడీపడీ నవ్వింది. నవ్వుతూనే బండి వదిలింది, తిన్నగా నా మీదికే! నేను పక్కకి దూకాను. బండి నుయ్యి దాటింది, ఆర్చి దాటింది, గరివిడి ఫ్యాక్టరీ లారీలు తిరిగే రోడ్డెక్కి మలుపులో మాయమైపోయింది.

“అత్తా, ఆగు!” అంటే ఎవరు వింటారు?

బోర్డు కింద కూలబడ్డాను. హారన్ వినిపించినప్పుడల్లా లేచి ఆర్చి వైపు చూశాను. తెలిసిన దేవుళ్లందరికీ మొక్కేశాను. ఆవిడకేమైనా అయితే నేనేం కావాలి?

దీపాల వేళకి ఆర్చిలోంచి మా బండి వచ్చింది. హ్యాండిల్‌కి మల్లెపూల పొట్లం, వేడివేడి బజ్జీల సంచీ.

“ఓలే పిల్లా, గంటస్తంభం సుట్టూ గుళ్లో తిరిగినట్టు తిరిగినానే! ఆపడానికి సోటు దొరికితే కదా!”

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. తిట్టడానికి నోరు తెరిస్తే బజ్జీ కుక్కింది.

“ఎక్కు. మీ మావ మొకం సూడాల.”

ఎక్కి ఆవిడ నడుం పట్టుకున్నాను. బండి రివ్వుమంది. ఈసారి అత్త ఎక్కడా ఆగలేదు. నుయ్యి ఉన్నచోటు రాగానే నేనే, నాకు తెలియకుండా, కాళ్లు రెండూ పైకెత్తేశాను.