దుబాసీ కట్టిన గోడ

కోర్టు దుబాసీ ఒప్పుకోని నేరం లేదు. సాక్షి తన భాషలో ఏమంటే దాన్ని ఉన్నదున్నట్టు, 'నేను' అంటే 'నేను' అనే, సర్కారు భాషలో చెప్పాలన్నది అక్కడి పద్ధతి. "నేనే పొడిచాను", "తాళం నేనే పగలగొట్టాను" అని ఆయన నిండు కోర్టులో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. సాయంత్రం ఇంటికి రాగానే భార్య, "ఇవాళ ఎవర్ని చంపొచ్చారు?" అని అడిగి మరీ టీ ఇచ్చేది.

ఆయన తర్జుమా చేసేది కొండ అవతలివాళ్ళ భాష. తల్లి ఉగ్గుపాలతో నేర్పిన భాష. పట్నంలో అది మాట్లాడేవాళ్ళంతా కూలీలూ, కూరగాయలవాళ్ళూ.

దేశమంతటికీ ఒకే భాష అలవాటు కావాలని పైనుంచి ఉత్తర్వు దిగింది. సర్కారు భాష తెలుసునన్న సాక్షికి ఇక దుబాసీ ఉండడు. జడ్జిగారు అడగనిదే దుబాసీ నోరు మెదపకూడదు. పదిమందిలో తెలీదని చెప్పుకోవడం ఎవరికి మాత్రం నామోషీ కాదు? అందరూ తెలుసుననేవాళ్ళే. దుబాసీ గోడవారన బల్ల మీద ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. జీతం ఆగలేదు గానీ, అర్థమైనా కాకపోయినా తలూపేసి ఓడిపోతున్నవాళ్ళని చూస్తుంటే ఆయనకి అన్నం సహించేది కాదు.

ఆ రోజు బోనెక్కింది కూరగాయల అవ్వ. భర్త పోయాక ఆమెకి మిగిలింది సంత వెనక ఒక్క గది. అది తనదేనని పక్క దుకాణదారు దావా వేశాడు.

"ఈ భాష వచ్చా?" అన్నారు జడ్జిగారు.

"రాకేం బాబూ! మీ అందరికీ వంకాయలు అమ్మింది ఏ భాషలో?"

కోర్టంతా నవ్వింది. దుబాసీ నవ్వలేదు. వంకాయలు అమ్ముకునే భాష వేరు, ఇల్లు నిలబెట్టుకునే భాష వేరు.

దుకాణదారు ప్లీడరు గుక్కతిప్పుకోకుండా అడిగాడు. "సదరు గదిలో మీరు వాది అనుమతి మీద మాత్రమే నివాసం ఉంటున్నారనీ, దానిపై మీకెలాంటి హక్కూ లేదనీ అంటే కాదనరు కదా?"

అవ్వకి 'గది' ఒక్కటే చెవినపడింది. ఎదుటివాడు ఏమన్నా ముందు ఔననడం బేరాల్లో పడిన అలవాటు. నవ్వుతూ, "అవును బాబూ" అంది.

దుబాసీ లేచాడు. "అయ్యా, నాకు అర్థం కాలేదు."

జడ్జిగారు అవ్వ వైపు చూశారు. "ఆమె అలా అనలేదే?"

"అనలేదండీ."

"మరి నిన్నెవరడిగారు?"

"ఎవరూ అడగలేదండీ. అందుకే లేవాల్సొచ్చింది."

జడ్జిగారు మండిపడ్డారు. సంజాయిషీ ఇచ్చుకోమన్నారు, ఉద్యోగం మీద ఆశ వదులుకోమన్నారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇంకా నవ్వుతూనే ఉన్న అవ్వని మరోసారి చూశారు.

"సరే. ఆ ప్రశ్న ఆమె భాషలో అడుగు."

దుబాసీ అడిగాడు. అవ్వ ముఖాన నవ్వు ఎగిరిపోయింది. బోను చెక్కని రెండు చేతులా పట్టుకుని మాట్లాడింది. ఆమె ఆగినప్పుడల్లా దుబాసీ అందుకున్నాడు.

"అబద్ధం. ఆ గోడలు నేనూ మా ఆయనా కట్టుకున్నాం. ఇటుకలు నేనే మోశాను. అప్పుడు నాకు నెలలు నిండి ఉన్నాయి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అవ్వ ఔనన్న మాట కొట్టేసి, ఈ మాట రాసుకున్నారు.

సాయంత్రం భార్య గుమ్మంలోనే అడిగింది. "ఇవాళ ఎవర్ని చంపొచ్చారు?"

"ఎవర్నీ లేదు. మా ఆయనా నేనూ గోడలు కట్టుకున్నాం. నిండు నెలల్లో ఇటుకలు మోశాను."

ఆమె పకపకా నవ్వింది. ఆయన చేతిలోని సంజాయిషీ నోటీసు కంటపడ్డాక నవ్వు ఆగింది. కుర్చీ లాగింది.

"అంత మోసినవాళ్ళు నిలబడకూడదు. కూర్చోండి."