సరోజక్క బ్రేకులు, నా ఎడమచేతి సలహా

తెలివితక్కువ పని చేసింది నేనే కనక ముందే ఒప్పేసుకుంటాను. 2024లో, యాంగోన్ (పాత రంగూన్) పజుండౌంగ్‌లోని నా సైకిలు రిపేరు షాపులో కూర్చుని, నేనెన్నడూ చూడని పోర్చుగల్ కొండదారుల్లో బ్రేకు ఎలా వెయ్యాలో ఒకావిడకి పాఠం చెప్పాను. అప్పటికి నేను సైకిలు మీద వెళ్ళిన అతి దూరదేశం మా ఊరి శివారు మింగళాడోన్. ముప్పై ఏళ్ళుగా ఊరందరి చక్రాలూ తిప్పుతున్నాను గానీ నేను తిరిగింది తక్కువ.

ఆవిడ సరోజక్క. పిల్లలకి లెక్కల ట్యూషన్ చెబుతుంది, అరవై దాటాయి. ఆదివారం పొద్దున్నే సైకిళ్ళు తొక్కే గుంపుతో కలిసి పోర్చుగల్‌లో చిన్న చిన్న ఊళ్ళ మీదుగా వారం రోజుల యాత్రకి బయల్దేరింది. సైకిళ్ళు అక్కడే అద్దెకి. రెండేళ్ళ క్రితం వంతెన దిగుతూ పడి మణికట్టు విరగ్గొట్టుకుంది కాబట్టి దిగుడంటే భయం. గుంపు నాయకుడు కో మిన్ (కో అంటే ఇక్కడ అన్నలాంటి పిలుపు) ముందే చెప్పేశాడట: తడబడితే సైకిలు వదిలేసి, వెనకాల సామాన్లతో వచ్చే వ్యానెక్కాలని.

"సామానులాగ ఎల్లడానికి అంత దూరం నానెందుకు తమ్ముడూ? నా పెట్టొక్కటీ పంపేస్తే సాలదేటి?" అంది.

ఆవిడ కోసం ఒక సూత్రం కట్టాను: "కుడి చెయ్యి అన్నానికి, ఎడమ చెయ్యి దిగుడికి." హ్యాండిలు మీద చేత్తో నొక్కే బ్రేకు పిడిని లీవరు అంటాం. మా షాపుల్లో మొదట్నుంచీ కుడి లీవరు ముందు చక్రానికి, ఎడమది వెనక చక్రానికి కడతాం. దిగుడులో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే చక్రం ఆగుతుంది గానీ మనిషి ఆగడు. అందుకని ఎడమదే నొక్కమన్నాను. సరోజక్క దాన్ని ఎక్కంలా బట్టీ పట్టింది.

యాత్ర రెండో రోజు మధ్యాహ్నం వీడియో కాల్ వచ్చింది. వాళ్ళకింకా పొద్దున్నే. మోచేతికి కట్టు.

"ఏటి తమ్ముడూ, నా మీద నీకేటైనా కక్షా? నిన్న దిగుడులో నువ్వు సెప్పినట్టే ఎడమ సెయ్యి నొక్కినాను. గుర్రంలాగ వెనక చక్రం లేసిపోనాది!"

వెనకనించి కో మిన్ నవ్వు వినిపించింది. "మీ మెకానిక్‌కి అన్నం తినే చెయ్యి తప్ప రెండోది తెలీదు, ఆంటీ. పదండి, వ్యానెక్కండి. గంటలో బయల్దేరాలి."

"అక్కా, ఉండు," అన్నాను. "ఎడమ లీవరు నించి వైరు వెంట వేలు పెట్టుకుని కిందకెళ్ళు."

వేలు వెళ్ళి వెళ్ళి ముందు చక్రం దగ్గర ఆగింది. ఆ దేశంలో కట్టడమే తిరకాసు, ఎడమది ముందు చక్రానికి! మిగతావాళ్ళు రెండు లీవర్లూ సమంగా నొక్కి గట్టెక్కారు. ఆవిడొక్కర్తే నా మాట నమ్మింది.

"తప్పు నాదే అక్కా. ఇక నించి కుడి చెయ్యి..."

"నలభై ఏళ్ళ అలవాటురా. మాటైతే మార్సుకుంటాను. సేతులెలా మార్సుకోను?"

అయితే వైర్లే మారుద్దామన్నాను. వ్యానుతో వెంట వచ్చిన, సైకిళ్ళు అద్దెకిచ్చినాయన్ని అక్క అడిగితే సరేనని, తనే దగ్గర నిలబడ్డాడు. లీవరు మొదట్లో బ్యారెల్ అడ్జస్టర్ అని వేలికొనంత మర ఉంటుంది. బ్రేకు వదులు చేసి, దాని గాడినీ లీవరు గాడినీ ఒక వరసలోకి తెస్తే వైరు పక్కకి జారి బయటికొస్తుంది. సరోజక్క ఒకటి తీసింది, రెండోది తీసింది, అటుదిటు పెట్టింది. చెమటలు నాకు పట్టాయి.

"ఇప్పుడు ముందు చక్రం ఎత్తి తిప్పు. ఎడమది నొక్కు."

"తిరుగుతానే ఉంది."

"కుడిది?"

"ఆగిపోనాది తమ్ముడూ!"

"దిగేటప్పుడు రెండూ మెల్లిగా నొక్కు, భారం ఎడమ మీద ఉంచు," అన్నాను. ఈసారి సూత్రం కట్టలేదు.

ఆ మధ్యాహ్నం నేను చేసిన పని పనికాదు. ఒకాయన టైరు తిరగేసి ఎక్కించాను. సాయంత్రం ఫొటో వచ్చింది: సున్నం గోడలు, వెనక రాళ్ళు పరిచిన నిట్టదిగుడు, సైకిలు పట్టుకుని సరోజక్క. కింద ఒకటే వాక్యం: "దిగినాను, సైకిలు మీదే." మిగిలిన రోజులన్నీ అలాగే దిగింది. చివర్లో వైర్లు తనే మళ్ళీ యథాస్థానంలో పెట్టి అప్పగించిందట.

నాకు తెలుసు అనుకున్న సైకిల్నైనా వేలితో చూడకుండా నోరు విప్పకూడదని అప్పుడు నేర్చుకున్నాను. ఇప్పుడు మా షాపులో అదే పద్ధతి.

తిరిగొచ్చిన ఆదివారం గుంపంతా షాపుకొచ్చింది. కో మిన్‌కి బ్రేకు బాగుచెయ్యాలట. సరోజక్క స్టూలు మీద టీ తాగుతోంది.

"ముందు బ్రేకు ఏ చేతిది, కో మిన్?" అడిగాను.

వారం రోజుల పోర్చుగల్ ఇంకా దిగలేదేమో, ధీమాగా ఎడమ చెయ్యెత్తాడు.

"వేలితో చూసి చెప్పండి. ఇక్కడ అందరికీ అదే రూలు."

పాపం, తెల్లచొక్కాతో గొంతుకూర్చుని వైరు వెంట వేలు పోనిచ్చాడు. ఆ వైరుకి అంతకు ముందే, అవసరానికి కొంచెం ఎక్కువే గ్రీజు పూసి ఉంచాను. వెనక చక్రం చేరేసరికి అన్నం తినే చెయ్యి మణికట్టు దాకా నల్లబడింది.

సరోజక్క టీ గ్లాసు కింద పెట్టింది.

"వ్యాను పిలవమంటావేటి బాబూ?"