మెండోజా వారి పెళ్ళికి నా అభ్యంతరం

చదువుకునే రోజుల్లో నేనొక పెళ్ళి ఆపబోయాను. మాటవరసకు అనడం లేదు. ముహూర్తం పది రోజులుందనగా రెండు వైపుల పెద్దల్నీ చర్చి హాల్లో కుర్చీలేసి కూర్చోబెట్టించాను. అదీ పరాయి దేశంలో, అదీ నాకు అన్నం పెట్టిన ఇంటి అమ్మాయి పెళ్ళి. మొత్తం చదివాక తిట్టుకుందురు గాని, కాస్త ఓపిక పట్టండి.

మెల్‌బోర్న్‌లో మాస్టర్స్‌కి చేరిన కొత్తలో ఊరి శివార్లలో పాయింట్ కుక్ అనే చోట గది అద్దెకుందని తెలిసింది. ఇంటావిడ పేరు లూస్ మెండోజా. ఇంకేముంది, స్పెయిన్ దొరసాని తలుపు తీస్తుందని ఉన్నవాటిలో మంచి గౌను తొడుక్కుని, నాలుగు గొప్ప ఇంగ్లీషు ముక్కలు బట్టీపట్టి వెళ్ళాను. తలుపు తీసినావిడ అచ్చం తెనాలిలో ఉన్న మా మేనత్తలా పొట్టిగా, చామనచాయగా ఉంది. అడిగిన మొదటి మాట, అన్నం తిన్నావా అని. వాళ్ళది ఫిలిప్పీన్స్ అనీ, మూడు పూటలా అన్నమే తింటారనీ అప్పుడు తెలిసింది. పేరు చూసి మనిషిని అంచనా వేసి ఒకసారి బోల్తా పడ్డాక ఎవరికైనా బుద్ధి రావాలి. నాకు రాలేదు.

లూస్ ఆంటీ వృద్ధుల హోంలో నర్సు. భర్త పోయాడు, ఒక్కతే కూతురు మరిసెల్. నాకు జ్వరం వస్తే డ్యూటీ మానుకుని అల్లం వేసిన గంజి కాచి తాగించిన మనిషి. ఊరు కాని ఊళ్ళో అదే నాకు పుట్టిల్లు. మరిసెల్‌కి పావ్లో అనే ఎలక్ట్రీషియన్ కుర్రాడితో పెళ్ళి కుదిరింది. పావ్లో ఎంత మంచివాడంటే, భోజనానికి వచ్చినప్పుడల్లా అంట్లన్నీ తోమి మరీ వెళ్ళేవాడు. నా దస్తూరీ బాగుంటుందని శుభలేఖల కవర్ల మీద పేర్లు రాసే పని ఆంటీ నాకప్పగించింది. మొదటి కార్డు తెరిచాను. వధువు మరిసెల్ మెండోజా. వరుడు పావ్లో మెండోజా.

పెన్నుకి మూత పెట్టేశాను.

మన సంగతి మీకు వేరే చెప్పాలా? ఒకే ఇంటిపేరు అంటే అన్నాచెల్లెళ్ళ వరస. మా ఊళ్ళో సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళని ముందు అడిగేది ఇంటిపేరే. అదీ ఇదీ ఒకటే అని తేలితే కాఫీ ఇచ్చి మర్యాదగా సాగనంపుతారు. తాతల కాలంలోనే చర్చిలో చేరినా మమ్మల్ని ఈ పట్టింపు మాత్రం వదల్లేదు. పావ్లో వాళ్ళు మీకు ముందునుంచీ బంధువులా అని మరిసెల్‌ని మెల్లగా అడిగి చూశాను. కాదట, స్నేహితురాలి పుట్టినరోజున తొలిసారి చూసుకున్నారట. అంటే పాపం వీళ్ళకి సంగతే తెలియదన్నమాట!

అప్పట్నుంచీ నాకు ముద్ద దిగలేదు. యూనివర్సిటీకి వెళ్ళే రైల్లో కూర్చుంటే దిగాల్సిన స్టేషన్ దాటిపోయేదాన్ని. చెబితే ఆంటీ గుండె పగులుతుంది, నా గది పోతుంది. చెప్పకపోతే ఆ పిల్లల బతుకేం కావాలి? తట్టుకోలేక అమ్మకి ఫోన్ చేశాను.

"ఒకే ఇంటిపేరా? అదేం పెళ్ళే?" అంది అమ్మ.

"వాళ్ళకి తెలీదమ్మా."

"తెలిసిన దానివి నువ్వున్నావుగా. నోరు మూసుక్కూర్చుంటే ఆ పాపం మనకి చుట్టుకుంటది. ఫాదర్ గారికి చెప్పు."

ఆ ఆదివారం చర్చిలో పంచిన కాగితంలో పెళ్ళి ప్రకటన ఉంది. అభ్యంతరం తెలిసినవాళ్ళు ఫాదర్‌ని కలవాలని కింద ఒక వాక్యం. ఊళ్ళో మా చర్చిలో ఆ ప్రకటన మూడు వారాలు చదివేవాళ్ళు, ఎవరూ లేచిన పాపాన పోలేదు. ఆ వాక్యం ఇన్నాళ్ళూ నా కోసమే కాచుకుని ఉందనిపించింది. నేరుగా ఫాదర్ గదికి వెళ్ళి, వధూవరులు రక్తసంబంధీకులు అని చెప్పేశాను.

ఫాదర్ తెల్లవాడు, డెబ్భై దాటిన మనిషి. కళ్ళజోడు తీసి నావంక చూశాడు.

"ఇది చాలా పెద్ద మాటమ్మా. నీ దగ్గర రుజువుందా?"

"కాగితం మీదే ఉంది ఫాదర్," అన్నాను.

విచారణ తేలేదాకా పెళ్ళి కాగితాల మీద సంతకం పెట్టనన్నాడాయన. రక్తసంబంధమన్న అభ్యంతరం వచ్చిందని చెప్పి, బుధవారం సాయంత్రానికి రెండు కుటుంబాల్నీ పిలిపించాడు. ఒక పక్క ఆంటీ, మరిసెల్. ఇంకో పక్క పావ్లో, వాళ్ళ తాతగారు. ఆయన్ని అందరూ లోలో అంటారు, వాళ్ళ భాషలో తాతయ్యని. ఎక్కడో దీవిలో బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. మరిసెల్ కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి. తన మొగుడు బతికుండగా ఏదైనా గ్రంథం నడిపాడేమోనని ఆంటీ మూడు రోజులుగా కుమిలిపోతోందట. ఆ మాట విన్నాకైనా ఆగాల్సింది, కాని ధర్మం వైపున్నానన్న ధైర్యం ఒకటి ఏడ్చింది కదా.

ఫాదర్ చెయ్యి చాచాడు. "ఏదమ్మా ఆ కాగితం?"

బ్యాగులోంచి శుభలేఖ తీసి ఇచ్చాను. ఆయన అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఇందులో ఏముందన్నాడు. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు, చూడండి అని వేలు పెట్టి చూపించాను. ఫాదర్ ఆ కార్డుని లోలో చేతికిచ్చాడు.

లోలో గొంతు సవరించుకుని పాఠం మొదలుపెట్టాడు. వాళ్ళ దేశాన్ని స్పెయిన్ మూడొందల ఏళ్ళ పైన ఏలిందట. మొదట్లో చాలామందికి ఇంటిపేర్లే లేవు. జనాన్ని లెక్క రాసుకోవడం కష్టంగా ఉందని దొరలు పేర్ల పుస్తకం ఒకటి తయారుచేసి ఊరూరా పంపారు. జనాన్ని పిలిచి, ఇదిగో నీ పేరు ఇదీ అని పంచేశారు. కొన్ని ఊళ్ళలో అందరి పేర్లూ ఒకే అక్షరంతో ఉంటాయట.

"మా ముత్తాతకి మెండోజా వచ్చింది. మరిసెల్ వాళ్ళ ముత్తాత ఇంకో దీవిలో ఉన్నాడు, ఆయనకీ అదే వచ్చింది. మధ్యలో సముద్రం ఉందమ్మా," అన్నాడు లోలో. తర్వాత నన్ను నా పూర్తి పేరు అడిగాడు.

"విక్టోరియా రాణి," అన్నాను.

"అయితే లండన్‌లో మీ చుట్టాలంతా కులాసాయేనా?"

అందరికంటే ముందు నవ్వింది ఫాదర్. పావ్లో కుర్చీలోంచి జారాడు. మరిసెల్ ఏడుస్తూనే నవ్వింది. ఆంటీ ఒక్కతే నవ్వలేదు. చచ్చిపోయిన మొగుణ్ణి మూడు రోజులు అనుమానించేలా చేశాను మరి, ఎలా నవ్వుతుంది?

తర్వాత వారమంతా ఆంటీ నాతో మాట్లాడలేదు. పళ్ళెంలో అన్నం పెట్టి, పిలవకుండా తన గదిలోకి వెళ్ళిపోయేది. తిట్టినా బాగుండేదని ఎంత ఏడ్చానో. మరో గది వెతుక్కుని పెట్టె సర్దుకుంటుంటే పెళ్ళి ముందురోజు మధ్యాహ్నం ఆంటీ వచ్చి మంచం మీద ఒక తెల్లటి పట్టుతాడు పెట్టింది. వాళ్ళ పెళ్ళిలో వధూవరుల భుజాల చుట్టూ దగ్గరివాళ్ళెవరైనా ఆ తాడు వేసి ఇద్దర్నీ ఒకటి చేస్తారు. ఆ ఆచారం కూడా స్పెయిన్ వాళ్ళు వదిలిపోయిందేనట.

"విడదీయడానికి నువ్వే బయల్దేరావు. కలపడానికీ నువ్వే రా," అంది. "ఆ పెట్టె విప్పు ముందు."

ఆవిణ్ణి పట్టుకుని చిన్నపిల్లలా భోరుమన్నాను.

మర్నాడు తాడు పట్టుకుని బలిపీఠం ముందుకు నడిచాను. నన్ను చూడగానే ఫాదర్ ప్రార్థన ఆపేశాడు. వంగి, నాకు మాత్రమే వినిపించేలా అడిగాడు.

"మళ్ళీ కాగితం ఏమైనా తెచ్చావా?"

"లేదు ఫాదర్, తాడొక్కటే."

ఆ తాడు వేస్తూ, సర్వసృష్టికర్త సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇంటిపేరు చూసి ఎవరికీ వరసలు కలపను. అభ్యంతరం ఉంటే చెప్పమని పోప్‌గారే వచ్చి బతిమాలినా నోరు విప్పను. నేటి వరకూ మాట తప్పలేదు. మా అమ్మకే ఎంత చెప్పినా ఎక్కలేదు. ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా గొంతు తగ్గించి అడుగుతుంది, ఆ అన్నాచెల్లెళ్ళు కాపురం బాగానే చేసుకుంటున్నారా అని.