కుడివైపు కుర్చీ

బొద్రొగి కెలెమెన్ మాస్టారు చివరిసారి చేసిన మామూలు పని నా కుర్చీ జరపడం. ఆ ఆదివారం వంటింటి బల్ల మీద చారు గిన్నె దించి, ఆయనకు ఎడమవైపున్న కుర్చీలో కూర్చోబోయాను. ఆయన ఎప్పటిలాగే లేచి, కుర్చీ ఎత్తి కుడివైపు వేశారు.

"ఇక్కడ కూర్చో పిరోష్కా, అక్కడ గాలి కొడుతుంది."

కిటికీలన్నీ మూసే ఉన్నాయి. పదకొండేళ్ళుగా ఆ లేని గాలి గురించి వింటూనే ఉన్నాను. చేపల చారు తాగి, మిరపపొడి తక్కువైందని సణిగి, గిన్నె కడిగి నా చేతికిచ్చారు. మంగళవారం పక్కింటావిడ తలుపు కొడితే తియ్యలేదు.

ఆయన భార్య పోయినప్పటి నుంచి ప్రతి ఆదివారం వంట చేసి పట్టుకెళ్ళాను. జాలిపడి వెళ్తున్నానని ఊరంతా అనుకుంది. ఏదో ఒక రోజు నోరు విప్పి, 'మీ తమ్ముడి విషయంలో తప్పు చేశాను' అంటారేమోనని వెళ్ళేదాన్ని.

మాస్టారు 1958లో మూడేళ్ళకని మా ఊరొచ్చారు. రైల్వే సిగ్నళ్ళు చూసుకునే మనిషి కొడుకు. బుడాపెస్టులో చదివి, అక్కడి పెద్ద ఆర్కెస్ట్రాల ముందు నిలబడవలసినవాడని పేరు తెచ్చుకుని, తీసా నది ఒడ్డున మా నలభై రెండు మందిని వాయింపించడానికి వచ్చిపడ్డారు. ముప్పై ఒక్క ఏళ్ళు మమ్మల్ని వాయింపిస్తూ ఉండిపోయారు. తాళం చూపే కర్ర పొట్టిది, చెయ్యి పొదుపు. స్వరపత్రాల్లో ఊదే వాద్యాలకు ఎర్ర పెన్సిలు, తీగ వాద్యాలకు నీలం. తప్పు వాయిస్తే అరిచేవారు కాదు. "నిన్న ఎంత తాగావని అడగను. ఎవరితో తాగావో చెప్పు, వాడూ అక్కడే తప్పుతున్నాడు" అనేవారు. నవ్వేవాళ్ళం. నవ్వాక, ఈయనకు అదెందుకు కావాలని ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం.

ఆ రోజుల్లో ప్రతి ఆర్కెస్ట్రాలోనూ ఒకడు రాస్తాడని అందరికీ తెలుసు. ఎవరేమన్నారో, ఎవరు నవ్వారో రాసి పైకి, ప్రభుత్వానికి పంపుతాడు. ఆ ఒకడు ఎవరన్నదే తెలియదు.

రాజధాని నుంచి మాస్టారికి రెండుసార్లు పిలుపొచ్చింది. మొదటిసారి ఊరివాళ్ళు వదలలేదు. రెండోసారి, 1975 చివర్లో, ఆయనే వద్దన్నారు.

"బుడాపెస్టు వద్దన్న మొనగాణ్ణి చూశావా ఎక్కడైనా?" అన్నాడు డోళ్ళు వాయించే దెజో బాబాయ్. "ఇక్కడేదో పని అప్పజెప్పి ఉంటారమ్మాయ్. మనల్ని కాచుకునే పని."

ఆ తర్వాతి వసంతంలో మాస్టారు కొమ్ముబూరల వాళ్ళను తన ఎడమ మూల నుంచి లేపి కుడి మూల కూర్చోబెట్టారు. మా తమ్ముడు ఒట్టో అక్కడ మొదటి కొమ్ముబూర.

"పదేళ్ళుగా ఆ మూలే కూర్చుంటున్నాం మాస్టారూ. మేమేం తప్పు చేశాం?"

"తప్పేం లేదు నాయనా. అక్కడ గాలి కొడుతుంది."

"గాలి ఊదేవాళ్ళకి గాలి భయమా!" అన్నాడు దెజో బాబాయ్ వెనక నుంచి. హాలంతా పగలబడి నవ్వింది. మాస్టారు నవ్వలేదు. ఎర్ర పెన్సిలు చెవి మీద పెట్టుకుని, "మొదటి నుంచి" అన్నారు.

అప్పటి నుంచే ఆయనలో ఇంకో అలవాటు గమనించాం. విరామంలో కాంటీనులో ఎవరు మాట్లాడుతున్నా దగ్గరకొచ్చి నిలబడి, మెడ కాస్త తిప్పి కుడి చెవి అటు వంచేవారు. శ్రుతి కోసం నేను సన్నాయిలాంటి నా ఓబో మీద స్వరం పట్టుకున్నప్పుడూ అంతే, కుడి చెంప నా వైపు తిప్పేవారు. దెజో బాబాయ్ నాకు కన్ను గీటేవాడు. "చూశావా, చెవి చాటలా పరిచాడు. మెల్లిగా వాయించు, అదీ రాసేస్తాడు."

1978లో ఆస్ట్రియాలోని లింజులో కచేరీ కుదిరింది. మాలో చాలామందికి అదే మొదటి విదేశం. కాంటీనులో కాఫీ ఒక గుక్క తాగి ఒట్టో మొహం చిట్లించాడు.

"లింజులో దిగానంటే చూడండి, మళ్ళీ జన్మలో ఈ బురదనీళ్ళు ముట్టను!"

అందరం నవ్వాం. తల తిప్పి చూస్తే మాస్టారు మా బల్ల పక్కనే ఉన్నారు, మెడ వంచి. ఆయన కూడా చిన్నగా నవ్వారు.

రెండు వారాలకు పాస్‌పోర్టుల జాబితా వచ్చింది. వెళ్ళినవాడు తిరిగి రాడని అనుమానం వస్తే పేరు కొట్టేస్తారు. ఒక్క పేరు లేదు. ఒట్టోది.

కచేరీ బాగా జరిగింది, చప్పట్లు ఆగలేదు. నాకేమీ గుర్తులేదు. తిరుగు ప్రయాణంలో మాస్టారు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎవరూ రాకుండా పక్క సీట్లో కోటు పెట్టుకున్నారు. సరిహద్దు దాటాక లేచి వెళ్ళి, ఆ కోటు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ముందు సీట్లో మాతో పంపిన ప్రభుత్వ మనిషి ఉన్నాడు. అందుకని గొంతు బాగా తగ్గించి అడిగాను.

"ఒట్టో మాట పైకి చేరవేసింది మీరేనా మాస్టారూ?"

ఆయన కిటికీలోంచి చూపు తిప్పి నా మొహం చూశారు. మెల్లిగా నవ్వి, తల ఊపారు. మళ్ళీ బయటికి చూశారు.

కోటు సీటు మీద పెట్టి నా చోటికి వచ్చేశాను. ఆయనతో ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. అడిగాను, ఒప్పుకున్నాడు, ఇంకేముంది?

ఒట్టో కొమ్ముబూర ఆర్కెస్ట్రాకు తిరిగిచ్చి, పండ్లు సీసాల్లో పట్టే ఫ్యాక్టరీలో చేరాడు. తాగుడు కూడా మొదలైంది. ఎనిమిదేళ్ళకు కాలేయం చెడి ఆసుపత్రిలో పడితే, మాస్టారు చెర్రీపండ్ల పాకం సీసా పట్టుకుని చూడ్డానికొచ్చారు. ఒట్టో గోడవైపు తిరిగి పడుకున్నాడు. మాస్టారు టోపీ చేత్తో పట్టుకుని పది నిమిషాలు నిలబడి, సీసా కిటికీలో పెట్టి వెళ్ళిపోయారు.

"నిజంగా ఈయనేనా అక్కా?" అన్నాడు ఒట్టో, గోడతోనే.

"ఈయనేరా. నేనడిగాను, తల ఊపాడు."

"పోన్లే. తెలుసుకునే పోతున్నా."

ఒట్టో పోయాక కూడా ఆ సీసా మూత ఎవరూ తియ్యలేదు.

ఆ ప్రభుత్వం పోయి రోజులు మారాక, రాసినవాళ్ళ కాగితాలు అడిగితే చూపిస్తారన్నారు. అడిగాను. మీ తమ్ముడి పేరున ఏమీ దొరకలేదని రెండు ముక్కల జవాబు వచ్చింది. దొరకలేదంటే లేదనా, కాల్చేశారనా? దెజో బాబాయ్ కాల్చేశారనే అన్నాడు. నాకు కాగితంతో పని లేదనుకున్నాను. తల ఊపడం నా కళ్ళతో చూశాను కదా.

మాస్టారికి పిల్లలు లేరు. అంత్యక్రియల తర్వాత ఇల్లు ఖాళీ చేసే పని నా మీదే పడింది. స్వరపత్రాలు సంగీత పాఠశాలకు ఇచ్చాను, బట్టలు చర్చికి. పెన్సిలు ముక్కలు దాచుకున్న రేకు డబ్బా ఒకటి మిగిలింది. అడుగున నాలుగు మడతలు పెట్టిన కాగితం. మా ఊరిది కాదు, దేశానికి ఆ చివరనున్న షోప్రోన్ ఊళ్ళో ఒక చెవి డాక్టరు రాసిచ్చింది. అంత దూరం ఎందుకు వెళ్ళారో నాకర్థమైంది. ఇక్కడ చూపించుకుంటే మర్నాటికల్లా ఆర్కెస్ట్రా మొత్తానికి తెలిసిపోయేది, చెవి పోయినవాణ్ణి ఆ కర్ర పట్టుకోనివ్వరు.

తేదీ 1975 అక్టోబరు. కుడి చెవి బాగుంది. ఎడమ చెవికి ఏమీ వినపడదు, తిరిగి వచ్చే ఆశ లేదు.

ఒట్టో మాట పైకి ఎవరు చేరవేశారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనే కావచ్చు కూడా. కాగితం పట్టుకుని వంటింట్లో, ఆయన జరిపిన కుర్చీలో కూర్చుని, ఆ బస్సును మళ్ళీ ఒక్కొక్క వరుసా గుర్తుచేసుకున్నాను. డ్రైవరు, ప్రభుత్వ మనిషి, కిటికీ, మాస్టారు.

కోటు పెట్టుకున్న సీటు ఆయనకు ఎడమవైపుది.