బుట్టకు కట్టిన నీలం గుడ్డ

అత్త పోయిందని ఆమె పెద్దకొడుకు ఫోన్ చేసినప్పుడు నేను బందరులో, మా ఇంటర్నెట్ సెంటర్‌లో, ఎవరిదో హాల్ టికెట్ ప్రింటు తీస్తున్నాను. "పొద్దున్నే లేచి ఎండబెట్టిన రొయ్యలు తిరగేసి వచ్చింది వదినా. టీ పెట్టమని పడుకుంది. గ్లాసు తీసుకెళ్లేసరికి లేదు" అన్నాడు. మళ్లీ తనే అన్నాడు: "బెంగుళూరాయనకీ, మిగతావాళ్లకీ నువ్వే రాయాలి వదినా. అమ్మ ఉత్తరాలన్నీ నీ దగ్గరేగా ఉన్నాయి."

అత్త అంటే నాకు రక్తసంబంధం కాదు. పాలకాయతిప్ప దగ్గర వాళ్ల ఊళ్లో మా నాన్న కొన్నేళ్లు మిషను బడిలో పాఠాలు చెప్పారు. ఆమె ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచేది కాబట్టి నాకు అత్త అయింది. వాళ్లు గంగమ్మకు మొక్కేవాళ్లు, మేము చర్చికి వెళ్లేవాళ్లం. వరస కలుపుకోవడానికి అదెప్పుడూ అడ్డం రాలేదు. మావయ్య వేటకు వెళ్లి తెచ్చిన చేపల్నీ రొయ్యల్నీ ఆమె ఎండబెట్టి, ప్రతి శనివారం బస్సు టాపు మీద వేసుకుని బందరు తెచ్చి అమ్మేది.

నేను ఎం.ఏ. చదివి, ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూ, అది చాలక నాలుగు కంప్యూటర్లతో ఈ సెంటర్ పెట్టిన కొత్తలో మాట ఇది. చేస్తున్నది సరైన పనేనా అని రోజుకు పదిసార్లు అనుమానపడేదాన్ని. ఒక శనివారం అత్త ఓ చీటీ పట్టుకుని లోపలికొచ్చింది. గుడివాడ నుంచి వెళ్లి బెంగుళూరులో కిరాణా షాపు పెట్టుకున్న ఒకాయన ఆమె దగ్గర ఎండు రొయ్యలు కొని, ఇంకా కావాలంటే ఎలా అని ఈమెయిల్ అడ్రసు రాసిచ్చాడట.

ఆమె కూర్చోగానే పక్క సీట్లో కుర్రాడు ముక్కు మూసుకున్నాడు. "ఏంటి మేడమ్, ఏసీ రూములో ఎండుచేపల కంపు!"

నాకు సిగ్గేసింది. అత్తకు వేయలేదు. "నువ్వు కొట్టుకొచ్చిన సెంటు కన్నా నయమే బాబూ. నాది కనీసం అన్నంలోకి పనికొచ్చిద్ది" అంది. ఆ కుర్రాడే ముందు నవ్వాడు.

ఆ రోజు బెంగుళూరాయనకి అత్త పేరుతో ఒక ఉత్తరం పంపాం. జవాబు వచ్చిన రోజు చదివి వినిపించాను. రెండు ముక్కల ఉత్తరం, దాని కింద ఆరు వరసలు: పేరు, షాపు పేరు, వీధి, ఫోను, అమ్మే సరుకులు, చివర 'నాణ్యతే మా మాట' అని.

"కిందదంతా ఏంటి కోడలా?"

"సంతకం అత్తా. ఆయన ఎవరికి ఏ ఉత్తరం రాసినా అది కింద చేరుతుంది."

"ఎవరికి రాసినా?"

"ఎవరికైనా."

"దానికి విడిగా ఏమైనా కట్టాలా?"

"ఏం అక్కర్లేదు."

అత్త నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "మరి మనం పంపిన ఉత్తరాన్ని గుడ్డ కట్టకుండా ఎట్టా పంపావే?"

ఆ గుడ్డ సంగతి చెప్పాలి. బస్సు టాపు మీద అన్ని బుట్టలూ ఒకేలా ఉంటాయి. అందుకని వాళ్ల ఊరి ఆడవాళ్లు ఎవరి బుట్టకు వాళ్లు పాత చీర అంచు చింపి పిడికి కడతారు. ఒక్కొక్కరిది ఒక్కో రంగు. అత్తది నీలం. బందరు బజారులో కొనేవాళ్లు పేరు అడగరు, "నీలం గుడ్డావిడ వచ్చిందా?" అంటారు. కంప్యూటరు ముందు ఎప్పుడూ కూర్చోని మనిషి, నేను రోజూ చూస్తూ కూడా పట్టించుకోని ఆరు వరసల్లో తన బుట్టకు కట్టే గుడ్డను చూసింది. చాలా ఏళ్ల తరవాత విజయవాడలో చిన్న వ్యాపారుల శిక్షణకు వెళ్తే, ఈమెయిల్ చివరి సంతకాన్ని ప్రచారానికి ఎలా వాడుకోవాలో ఒకాయన గంటసేపు చెప్పాడు. నేను ఒక్క ముక్క కూడా రాసుకోలేదు. అంతా అత్త ఒక్క ప్రశ్నలో చెప్పేసిందే.

ఆ రోజే గుడ్డ తయారైంది. నేను ఇంగ్లీషులో 'కోస్తాలోకెల్లా శ్రేష్ఠమైన' అని మొదలుపెడితే ఆపేసింది. "శ్రేష్ఠమో కాదో తిన్నాక వాళ్లు చెప్తారు. మనకి తెలిసింది మనం రాద్దాం." ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలే పెట్టించింది. తన పేరు, ఊరు, ఎండు రొయ్యలు, మా సెంటరు ఫోను, ఆఖర్న సరుకు ఎన్ని ఎండలు చూసిందో. మబ్బు లేని మూడు రోజులు ఎండితే మూడెండల సరుకు, గుప్పెట్లో పట్టుకుని ఊపితే గలగలమంటుంది. ఆ ఆఖరి వరస ఏ వారానికావారం ఆమే చెప్పేది. "ఈసారి రెండే పెట్టు, నిన్న మబ్బేసింది" అనేది. రెండని రాస్తే ఎవరు కొంటారని నాకు బెంగ. రెండెండలని చదివి, మూడోది తామే ఎండబెట్టుకుంటామని కొన్నవాళ్లున్నారు!

ఇక ఆమె పేరుతో వెళ్లే ప్రతి ఉత్తరానికీ, పంపే ముందు అదే ప్రశ్న: "గుడ్డ కట్టావా?" మనవరాలి సీటు గురించి గుడివాడలో ఒక కాలేజీకి రాసినప్పుడు కూడా కట్టించింది. సీటు సంగతి తేలకముందే ఆ ఆఫీసులో ఒక గుమాస్తాగారు రొయ్యలు కావాలని రాశారు.

ఒక్కసారి మాత్రం వద్దంది. బెంగుళూరాయన వాళ్లమ్మ గుడివాడలో పోయిందని తెలిసి, పరామర్శ ఉత్తరం చెప్పి రాయించింది. "గుడ్డ కట్టానత్తా" అన్నాను నేనే, అలవాటు కొద్దీ. "విప్పెయ్యి" అంది వెంటనే. "చావింటికి సరుకు బుట్టేసుకుని వెళ్తామా ఎక్కడైనా?"

ఆ వేసవి అంతా మూడెండలే. ప్రతిసారీ అదే కొట్టడం విసుగనిపించి, నా చదువు తెలివితో ఆ సంతకాన్ని, మూడెండలన్న వరసతో సహా, దానంతటదే చేరేలా పెట్టేశాను. ఆమె అడిగేది, నేను కట్టానత్తా అనేదాన్ని. అబద్ధమేమీ కాదు కదా అనుకున్నాను.

వానలు మొదలయ్యాక ఒక వారం అల్పపీడనం పట్టుకుంది. ఆ శనివారం అత్త రాలేదు. బెంగుళూరాయన రెండో షాపు తెరుస్తున్నానని, అంతకు ముందెన్నడూ అడగనంత సరుకు కావాలని, సిద్ధంగా ఉందా అని రాశాడు. అలాంటి పెద్ద ఆర్డరు కోసం ఊళ్లో ఆరిళ్ల ఆడవాళ్లు ఎదురుచూస్తున్నారని నాకు తెలుసు. ఇసుక మీద ఎండబెడితే రొయ్యల్లో ఇసుక తగులుతుంది. ఆ ఆర్డరు వస్తే అందరూ కలిసి గచ్చు చేయించుకోవాలని వాళ్ల ఆశ. ఊళ్లో బడ్డీకొట్టుకు ఫోన్ చేసి అత్తను పిలిపించాను. "సరుకుంది, ఉందని రాయి" అంది. రాసి పంపేశాను. కింద ఏం పెట్టాలో అడగలేదు. అడగాల్సింది ఒకటుందనే మర్చిపోయాను.

తరవాతి శనివారం వచ్చీ రాగానే అడిగింది. "గుడ్డలో ఎన్ని రాశావు?"

పంపిన ఉత్తరం తెర మీదికి తెచ్చి చూశాను. "మూడని వెళ్లిందత్తా."

"ఏ మూడు? ఎవరు చూశారు ఆ మూడూ, నువ్వా? ఒక్క ఎండ కన్నా ఎక్కువ పడిందా ఈ వానల్లో?"

"ఇప్పుడు ఎండబెట్టి పంపేద్దాంలే అత్తా. ఆయనకేం తెలుస్తుంది?"

ఆమె కోప్పడలేదు. నెమ్మదిగా అంది: "ఆయనకి తెలవదనేగా కోడలా మనం చెప్పాల్సింది."

చెప్పింది, నేను రాశాను. సరుకు ఒక్క ఎండే చూసిందని, ముందు వెళ్లిన మాట తప్పని. తప్పు నాదని రాయబోతే వద్దంది. "బుట్ట నాది, గుడ్డ నాది. నీ పేరెందుకు మధ్యలో?" ఆ ఆరిళ్లలో ఆమె ఏం చెప్పుకుందో, వాళ్లు ఏమన్నారో నాకు ఎన్నడూ చెప్పలేదు.

రెండు రోజులకు జవాబొచ్చింది. షాపు తెరిచే రోజు దగ్గర పడిందని, వేరేచోట చూసుకున్నానని. కింద యథాప్రకారం ఆరు వరసలు, చివర 'నాణ్యతే మా మాట'. నాకు ఒళ్లు మండింది. అత్త మాత్రం "నాన్చకుండా చెప్పాడు, మంచోడే" అంది.

మూడు వారాల తరవాత ఒక శనివారం నవ్వుతూ వచ్చింది. చేతిలో గుప్పెడు రొయ్యలు నా చెవి దగ్గర ఊపింది. గలగల! "బెంగుళూరాయనకి ఉత్తరం పెట్టు. పైన ఏమీ రాయొద్దు. గుడ్డ ఒక్కటే పంపు."

"ఖాళీ ఉత్తరమా? ఏమనుకుంటాడత్తా?"

"పంపవే."

పంపాను. పైనంతా తెల్లగా, అడుగున ఆమె పేరు, ఊరు, 'నేటికి మూడెండలు'. అంత చిన్న ఉత్తరం నా జన్మలో పంపలేదు. సాయంత్రానికి ఆర్డరు వచ్చింది. చేజారిన ఆర్డరంత పెద్దది కాదు. గచ్చు మాత్రం మరుసటి వేసవికి గానీ కాలేదు. ఇన్నేళ్లుగా ఆలోచించినా ఆ మనిషి ధైర్యం నాకు పూర్తిగా అందలేదు. మంచి మాటలు ఎన్నో చదువుకున్నాను. అన్న మాట తప్పయితే ఒప్పుకోవడానికి నేను ఇప్పటికీ ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను. ఆమె అసలు ఆలోచించలేదు. సంతకం దానంతటదే చేరే ఏర్పాటు ఆ రోజే తీసేశాను. అప్పటి నుంచి ప్రతి ఉత్తరం కిందా చేత్తోనే కొట్టాను.

మొన్న వాళ్ల ఊరు వెళ్లి వచ్చాక కూర్చుని అందరికీ రాశాను. అత్త పోయింది, అంతే. రాశాక కింద చేతులాగాయి. గుడ్డ కట్టావా అని అడిగేవాళ్లు లేరు. చావు కబురు కదా, ఆమె చెప్పినట్టే విప్పేసి పంపాను.

మర్నాడు బెంగుళూరు నుంచి జవాబొచ్చింది. "అమ్మ పోయినప్పుడు ఆవిడ రాసిన ఉత్తరం దాచుకున్నానండీ" అని ఒక్క ముక్క, కింద ఆయన పేరు. ఆ ఆరు వరసలు లేవు. ఏదో పొరపాటున పోయాయేమో, ఇదంతా నేను ఊహించుకుంటున్నానేమో అని నా అలవాటు కొద్దీ అనుమానపడ్డాను. పాత ఉత్తరాలు తీసి చూశాను. ఇన్నేళ్లలో ఆ వరసలు లేని ఉత్తరం ఒక్కటీ లేదు.

మొన్న వెళ్లినప్పుడు చూశాను, వాళ్ల ఇంటి వసారాలో అత్త బుట్ట బోర్లించి ఉంది. కొడుకు గుడ్డ విప్పేసినట్టున్నాడు. ఏళ్ల తరబడి ఎండకు నల్లబడ్డ పిడి మీద, ముడి ఉన్నంత మేర మాత్రం వెదురు ఇంకా లేతగా, కొత్తదానిలా ఉంది.